గుమాస్తా బరువు, తరుగు పోను

బావమరిదికి,

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, కుక్కా. మీ అక్క నిన్న మధ్యాహ్నం బస్సుకు చిన్నమ్మాయి ఇంటికి వెళ్లిపోయింది. అలిగి వెళ్లిందని నేననను. సంచి సర్దుకునేటప్పుడు మాట్లాడలేదు, బస్సెక్కేటప్పుడు వెనక్కి చూడలేదు, అంతే.

సంగతి ఇది. మొన్న పొద్దున పక్క దులుపుతుంటే ఆవిడ దిండు మీద ఒక పిడుదు కనిపించింది. నెత్తురు తాగి బఠాణీ గింజంత అయింది. "ఏమండీ, ఓసారి ఇటు రండి" అని పిలిచింది. వెళ్లి చూసి "పిడుదేగా" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"పిడుదేగానా? ఇవాళ దిండెక్కింది, రేపు నా చెవిలో కాపురం పెడుతుంది. నేను తిరిగొచ్చేసరికి ఈ ఇంట్లో ఒక్క పిడుదు కనిపించినా సరే, మీ కుక్కను ఇటుక బట్టీ ఆయనకు ఇచ్చేస్తాను. ఆయన ఎప్పటినించో అడుగుతున్నాడు" అంది.

ఇటుక బట్టీ ఆయన కుక్కల్ని ఎండలో గొలుసేసి కట్టేస్తాడు. ఆ సంగతి మీ అక్కకు తెలుసు. తెలిసే అంది.

నువ్వు ఈ కుక్కను చూడలేదు. మా పాత కుక్క ఎర్రది పోయిన తర్వాత ఎక్కడినుంచో వచ్చి తోటలో పడుకున్నాడు, ఉండిపోయాడు. పేరు గుమాస్తా. నిమ్మకాయల బస్తాలు బండికెక్కేటప్పుడు ప్రతి బస్తా దగ్గరకూ పోయి వాసన చూస్తాడు. చూశాక, సరే ఎక్కించుకోండి అన్నట్టు పక్కకు తప్పుకుంటాడు. జీతం లేకుండా ఇంత శ్రద్ధగా పనిచేసేవాణ్ణి నేను మరొకణ్ణి చూడలేదు.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా? రోజూ పీకుతూనే ఉన్నాను. పీకే కొద్దీ పుట్టుకొస్తున్నాయి. కిరసనాయిలు పూస్తే పోతాయని ఎవరో అంటే సీసా తెచ్చాను. మూత తియ్యగానే గుమాస్తా నిమ్మచెట్లలోకి పోయి సాయంత్రం దాకా రాలేదు. నువ్వేమో పశువుల మందుల కొట్లోనే పనిచేస్తున్నావు. వడ్డించేవాడు మనవాడై ఉండి కూడా నేను ఆకలితో లేవడమేమిటి? మంచి మందు చూసి పంపు.

మీ అక్క లేకపోతే ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను. వసారా గోడకు సున్నం వెయ్యమని పోరేవాళ్లు లేరు.

ఉంటాను,
బావ

మరో మాట: ఈ ఉత్తరం సంగతి మీ అక్కకు తెలియనివ్వకు. మందు తెప్పించానంటే పిడుదులున్నాయని ఒప్పుకున్నట్టవుతుంది.

* * *

బావగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. ఇంట్లో అందరం చదువుకున్నాం. ఒకరైతే రెండుసార్లు చదివారు.

ముందు ఆ కిరసనాయిలు సీసా తీసి దూరంగా పెట్టండి. చర్మం కాలుతుంది, నాకితే కడుపులోకి పోతుంది. గుమాస్తాకు ఆ మాత్రం తెలుసు కాబట్టే చెట్లలోకి పారిపోయాడు. పిడుదుల్ని గోళ్లతో నలపకండి. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా పైకి లాగండి. లాగినదాన్ని సబ్బునీళ్లలో వెయ్యండి. చెవుల లోపల, చంకల్లో, కాలివేళ్ల సందుల్లో, తోక మొదట్లో వెతకండి. మీరు వీపు ఒక్కటీ నిమిరి, అయిపోయిందని లేచి ఉంటారు.

చుక్కల మందు పంపుతాను. రెండు భుజాల మధ్య వెంట్రుకలు పాయ తీసి చర్మం మీద వెయ్యాలి. అక్కడికైతే నాలుక అందదు. ఆ తర్వాతి విడతకు మెడ పట్టీ పంపుతాను. దాన్ని రెండు వేళ్లు దూరేంత వదులుగా కట్టాలి. చుక్కల మోతాదు కుక్క బరువును బట్టి ఉంటుంది. తూచి రాయండి.

ఇక అసలు సంగతి. కుక్క ఒంటి మీద కనిపించేవి కొన్నే. మిగతావి గోడ పగుళ్లలో గుడ్లు పెట్టుకుని కూర్చుంటాయి. కాబట్టి వసారా గోడ పగుళ్లన్నీ పూడ్చి సున్నం వెయ్యాలి. ఒక పూత సరిపోదు, రెండు వెయ్యాలి. తూర్పు మూల చెమ్మకు పెచ్చులూడిన చోట ముందు గీకి, ఆరనిచ్చి, అప్పుడు వెయ్యాలి.

ఇట్లు,
మీ బావమరిది

మరో మాట: ఇల్లు ప్రశాంతంగా ఉందని రాశారు. పిడుదులు కూడా ప్రశాంతంగా ఉన్నచోటే బాగా పెరుగుతాయట.

* * *

బావమరిదికి,

సున్నం వేశాను. గోడ మీద రెండు పూతలు, నా మీద ఒకటి. తూర్పు మూల గీకితే సగం గోడ చేతికొచ్చింది. అదీ పూడ్చాను. ఒక్కటే సంతోషం, ఇదంతా మీ అక్క చూడలేదు. చూసి ఉంటే తన మాట విని వేశాననుకునేది. నేను వేసింది వైద్యం కోసం.

కుక్కను తూచడం అంత తేలిక కాదు. బస్తాలు తూచే కాటాకు గోనెసంచి తగిలించి, అందులో గుమాస్తాను దింపాను. తల ఒక్కటి బయటపెట్టి, బస్సులో కిటికీ పక్కన చోటు దొరికినవాడిలా చుట్టూ చూస్తూ కూర్చున్నాడు. బస్తాను రోజూ వాడు పరీక్షిస్తాడు కదా, ఇవాళ బస్తాలో తనే ఉండేసరికి ఎవరిని వాసన చూడాలో తెలియక తన కాలే చూసుకున్నాడు.

బరువు అరవై కిలోలు. దాని ప్రకారం మందు పంపు.

వంట నేనే చేసుకుంటున్నాను. మీ అక్క ఇన్నేళ్లూ అదేదో బ్రహ్మవిద్యలా చెప్పింది గానీ ఏమీ లేదు, పొయ్యి వెలిగించడమే, దించడమే. గుమాస్తా గిన్నె అడుగు దాకా నాకేశాడు. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఉంటాను,
బావ

మరో మాట: సన్నటి పట్టకారు అన్నావు కదా, మీ అక్క పెట్టెలో ఒకటి దొరికింది. కనుబొమలకు వాడుకుంటుందనుకుంటా. గుమాస్తా చెవులకు భేషుగ్గా సరిపోయింది. ఈ ముక్క మాత్రం చచ్చినా చెప్పకు.

* * *

బావగారికి నమస్కారం.

అరవై కిలోలా?

మా కొట్టు యజమానికి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివి, "మీ బావగారు కుక్కను పెంచుతున్నారా, దూడను పెంచుతున్నారా?" అన్నాడు. నన్ను తప్పుగా అనుకోకండి. తోటలో దూడ కూడా ఏమైనా ఉందా? ఒకే మందుతో రెండింటికీ సరిపెడదామని గానీ అనుకున్నారా? దూడల మందు వేరు. కుక్కకు మోతాదు మించితే ప్రాణం మీదికొస్తుంది. అసలు బరువు తెలిసేదాకా పార్సిలు ఆపి ఉంచాను. వెంటనే రాయండి.

ఈలోగా చెయ్యాల్సిన పనులు ఉన్నాయి. పెరట్లో మోకాలెత్తు పెరిగిన గడ్డి కొయ్యాలి. పిడుదులు గడ్డి కొసన నిలబడి, వచ్చేపోయేవాళ్ల కోసం కాచుకుంటాయి. గోడ పక్కన కుప్పపోసిన పాత చెక్కలు, ఎప్పటికైనా పనికొస్తాయని మీరు దాచినవి, తీసెయ్యాలి. అటక మీది గోనెలు దులిపి ఎండలో వెయ్యాలి. కొట్టుగదిలో గింజల డబ్బా వెనక ఎలుక బొరియ ఉంటుంది, అది పూడ్చాలి. మంచం కోళ్ల సందులు వేడినీళ్లతో కడగాలి.

కుక్క గిన్నె నాకిందంటే వంట బాగుందని కాదు బావా, చాలలేదని.

ఇట్లు,
మీ బావమరిది

మరో మాట: పట్టకారు వేడినీళ్లలో మరిగించి, తుడిచి, ఎక్కడిది అక్కడ పెట్టాలి. అక్కడ అంటే నీలం గుడ్డ కింద. పైన కాదు.

* * *

బావమరిదికి,

దూడ అన్నందుకు గుమాస్తా తరఫున నేను బాధపడుతున్నాను.

నువ్వు కొట్లో పనిచేసేవాడివి, మా వ్యవహారం నీకు తెలియదు. నిమ్మకాయల బరువు ఉన్నది ఉన్నట్టు ఎవడూ చెప్పడు. చెబితే బతకడు. గోనెకని కొంత, చెమ్మకని కొంత, పుచ్చుకని కొంత దళారీ తరుగు తీస్తాడు. ఇవన్నీ పోయాక ఏ కారణమూ చెప్పకుండా ఇంకొంత తీస్తాడు. అందుకని మేం ముందే కలిపి చెబుతాం. ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. నువ్వు బరువు రాయమంటే చెయ్యి అలవాటు కొద్దీ రాసేసింది. పైగా గోనె తడిది. కాటా ఊగకుండా నా మోచెయ్యి కూడా దాని మీదే ఉంది. మళ్లీ తూచాను. తరుగు పోను గుమాస్తా ఇరవై రెండు కిలోలు. దేవుడి మీద ఒట్టు.

గడ్డి కోశాను. చెక్కలు తీసేశాను. వాటి కింద మీ అక్క పోయిందని గోల చేసిన గరిటె దొరికింది, గుమాస్తా ఎత్తుకుపోయి ఉంటాడు. అటక మీద నా పాత కళ్లజోడు దొరికింది, అది మాత్రం ఎవరు ఎత్తుకుపోయారో తెలియదు. డబ్బా వెనక నిజంగానే ఎలుక బొరియ ఉంది! అంత దూరాన కొట్లో కూర్చుని అదెలా చెప్పావురా? చదువుకున్నవాడు చదువుకున్నవాడే.

చివరి పట్టకారు ముక్క వేరే చేతిరాతలో ఉంది. మీ ఆవిడదే అయ్యుండాలి. ఆడవాళ్లందరూ పట్టకార్లు నీలం గుడ్డ కిందే పెడతారని నాకు ఇప్పుడే తెలిసింది.

ఇదంతా పొద్దున రాసి ఆపాను. ఇప్పుడు సాయంత్రం. గుమాస్తా నిన్నటినుంచి ముద్ద ముట్టలేదు. ఇవాళ బస్తాలు ఎక్కిస్తుంటే లేవలేదు, పడుకున్నచోటినుంచే తోక ఒకసారి కదిపాడు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా ఉన్నాయి. ఎర్రదానికీ ఇలాగే అయింది. తెల్లారగానే పశువుల డాక్టరు దగ్గరకు తీసుకెళ్తున్నాను. ఈ ఉత్తరం పోస్టుకు వెయ్యకుండా మధ్యాహ్నం బస్సు డ్రైవరు చేతికిస్తాను.

ఉంటాను,
బావ

మరో మాట: ఏమీ లేదు.

* * *

బావా,

పార్సిలు మీ డ్రైవరు చేతికే ఇస్తున్నాను. చుక్కల మందు, పట్టీ రెండూ ఉన్నాయి. అవి పిడుదులు పట్టకుండా వాడేవి, జ్వరానికి కావు. జ్వరం మందు డాక్టరే ఇవ్వాలి. చుక్కలు ఎప్పుడు వెయ్యాలో కూడా ఆయన్నే అడగండి. ఆయన ఎన్నాళ్లు మింగించమంటే అన్నాళ్లూ మింగించండి. తోక ఊపుతున్నాడు కదా అని మధ్యలో మానెయ్యకండి. ఎర్రదానికి మానేశారు.

ఎలా ఉన్నాడో వెంటనే రాయండి. ఈసారి తరుగులేమీ కలపకుండా, ఉన్నది ఉన్నట్టు.

మీ బావమరిది

నీళ్లు తాగుతున్నాడా? గిన్నె ముందు పెట్టి ఊరుకోకండి. ఒంట్లో బాగోలేనప్పుడు గిన్నెలో తాగడు. దోసిట్లో పోసుకుని మూతి దగ్గర పెట్టండి. కాస్త ఆగండి. తాగుతాడు.

* * *

బావమరిదికి,

ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. లేచాడు.

నిమ్మకాయల బండిలో గోనెలు పరిచి పడుకోబెట్టి తీసుకెళ్లాను. డాక్టరు నెత్తురు తీసి చూసి, పిడుదుల వల్ల వచ్చే జ్వరమే అన్నాడు. "ఇంకా ఆలస్యం చేస్తే కష్టమయ్యేది" అన్నాడు. సూది వేసి, మాత్రలిచ్చాడు. బరువెంత అని అడిగాడు. ఇరవై రెండు అన్నాను. కాటా మీద పెడితే ఇరవై రెండే ఉంది. నా నోటినుంచి సరైన తూకం రావడం నేను చూసింది అదే మొదలు.

నీళ్లు దోసిట్లో పోస్తే తాగాడు. మొదట నా మొహంకేసి చూశాడు, ఈయనకు ఇదెలా తెలిసిందా అన్నట్టు. వాడికి ఆ అలవాటు ఎవరు చేశారో నాకు తెలియదు. నేనైతే చెయ్యలేదు.

నిన్న అన్నం తిన్నాడు. ఇవాళ బస్తాల దగ్గరకు వచ్చి రెండు వాసన చూసి, మిగతావి నా మీద నమ్మకంతో వదిలేశాడు. డాక్టరు సరేనన్నాక నీ చుక్కలు వేశాను. మాత్రలు మానను.

ఒక్క మాట చెప్పాలి. మీ ఆవిడ బంగారం. గుమాస్తాను ఎన్నడూ చూడకుండానే వాడి మనసు కనిపెట్టింది. దోసిట్లో నీళ్ల సంగతి రాసిన ఆ చేతిరాత కూడా ముత్యాల్లా ఉంది. నువ్వు అదృష్టవంతుడివి. మీ అక్కకు అందులో సగం జాలి ఉన్నా, కుక్కను ఇటుక బట్టీకి ఇస్తానని అనేది కాదు. ఆయన మొన్న వచ్చి, "కుక్కను ఇస్తారట కదా" అన్నాడు. ఎవరు చెప్పారో! "ఇస్తాను, ముందు ఆ సంచిలో నన్ను తూచి తీసుకెళ్లు, తర్వాత కుక్క" అన్నాను. అర్థంకాక వెళ్లిపోయాడు.

నేను ఒక నిర్ణయానికి వచ్చాను. మీ అక్క వచ్చి కుక్క ఉండకూడదంటే తోటలో పాక ఉంది. నేనూ వాడూ అక్కడ పడుకుంటాం. ఈ సంగతి ఆవిడకు నువ్వే చెప్పాలి. నాకు చెప్పడం రాదు.

చిన్నమ్మాయి ఇంటినుంచి ఆవిడ ఒక్క ముక్క రాయలేదు. మధ్యాహ్నం బస్సు వేళకు గుమాస్తా గేటు దగ్గరకు పోయి కూర్చుంటున్నాడు. దిగినవాళ్లందర్నీ చూసి, బస్సు వెళ్లాక లేచి వస్తాడు. ఒంట్లో నలతగా ఉన్నవాణ్ణి ఒంటరిగా వదలకూడదని నేనూ వెళ్లి నిలబడుతున్నాను.

ఉంటాను,
బావ

మరో మాట: వంట గురించి రాసింది కొట్టేసుకో. అందులో తరుగు చాలా ఉంది.

* * *

ఏమండీ,

ముత్యాల్లాంటి చేతిరాత నాది. మా మరదలిది కోడిగీతలు, అది వంటింట్లో కూర్చుని మీ పొగడ్త తలుచుకుని ఇంకా నవ్వుతోంది. ఇన్నేళ్లూ నా చేతి కూడు తిని నా రాత గుర్తుపట్టలేదేమిటని మొదట ఒళ్లు మండింది. తర్వాత ఆలోచిస్తే మీ తప్పేమీ లేదనిపించింది. మిమ్మల్ని వదిలి ఎప్పుడైనా ఉంటే కదా మీకు ఉత్తరం రాసేది.

నేను చిన్నదాని ఇంటికి వెళ్లనేలేదు. దారిలో ఇక్కడ దిగి, రెండు రోజులు ఉండి వెళదామనుకున్నాను. బయల్దేరేలోపే మీ ఉత్తరం వచ్చింది. తమ్ముడు కొట్లో ఉంటే నేనే విప్పాను. ఇల్లు ప్రశాంతంగా ఉందని చదివాక, ఇంకొన్నాళ్లు ప్రశాంతంగా ఉండనిద్దామనిపించింది. మందుల సంగతులన్నీ వాడివి. సున్నం, గడ్డి, చెక్కలు, అటక, ఎలుక బొరియ, అవన్నీ నావి. పెళ్లాం చెబితే ముందుకు కదలని చెయ్యి డాక్టరీ అనేసరికి రెండు పూతలు వేసింది. ముందే తెలిస్తే ఇంటి కప్పు కూడా పిడుదుల లెక్కలో రాయించేదాన్ని. ఎలుకలకూ పిడుదులకూ ఏం సంబంధమని తమ్ముడు అడిగాడు. నువ్వు రాయి, ఆయన అడగరు అన్నాను.

గుమాస్తా విషయం. నేను బయల్దేరిన వారం వాడు రోజూలా నా చీర కొంగు పట్టుకు లాగలేదు. చెవులు చూస్తే పిడుదులు గుత్తులుగా ఉన్నాయి. మీతో చెబితే "పిడుదేగా" అన్నారు. ఎర్రది పోయే ముందూ మీరు ఆ మాటే అన్నారు. అది నా ఒళ్లో పోయింది, మీరు తోటలో ఉన్నారు. మళ్లీ అది చూడలేక, మిమ్మల్ని కదిలించడానికి బట్టీ పేరు ఎత్తాను. ఇచ్చేదాన్నయితే దోసిట్లో నీళ్లు తాగడం వాడికి ఎందుకు నేర్పుతాను? బట్టీ ఆయనకు నేనేమీ చెప్పలేదు. మీరే కాటా దగ్గర అందరికీ చెప్పుకుని ఉంటారు. మళ్లీ వస్తే కుక్క అరవై కిలోలని, తిండీ అందుకు తగ్గట్టే తింటుందని చెప్పండి. ఇక రాడు.

పాకలో పడుకోనక్కర్లేదు. ఎల్లుండి మధ్యాహ్నం బస్సుకు వస్తున్నాను. వాణ్ణి ఎండలో నిలబెట్టకండి. మీరు నిలబడితే నిలబడండి.

పెట్టెలో పట్టకారు ఇక ఉంచకండి. అది గుమాస్తాకే. నేను ఇక్కడ కొత్తది కొనుక్కున్నాను.

ఇట్లు,
సున్నం వెయ్యమని పోరే మనిషి

మరో మాట: గుమాస్తా ఎన్నడూ మంచం ఎక్కడు. ఆ రోజు నా దిండు మీద మీ తువ్వాలు ఉంది, తోటలో గుమాస్తా పక్కన గడ్డి మీద పరుచుకుని పడుకుని తెచ్చినది. పిడుదును ఇంట్లోకి తెచ్చింది ఎవరో తమ్ముడికి కూడా అర్థమైంది. మీకు కూడా ఒక మెడ పట్టీ తెస్తున్నాను. రెండు వేళ్లు దూరేంత వదులుగానే కడతాన్లెండి.